కమ్మల్ని పెళ్ళాడిన బొమ్మలవాడు

నా మొగుడి పేరు వాషింగ్టన్. నవ్వాల్సిన పనేం లేదు, మా గుయాకిల్‌లో వీధికో వాషింగ్టన్ ఉంటాడు, వెతికితే ఒకరిద్దరు లింకన్లు కూడా దొరుకుతారు. మావాణ్ణి అందరూ వాషో అంటారు. పాతేళ్ళకి ముఖాలు వెయ్యడంలో మా వీధిలో అతని తర్వాతే ఎవరైనా.

పాతేడు అంటే డిసెంబరు ఆఖరి రోజున మేం కాల్చే బొమ్మ. పాత బట్టల్లో రంపపు పొట్టు కూరి, కాగితపు గుజ్జుతో చేసిన తలకాయ పైన పెట్టి, ఏడాదంతా మనల్ని కాల్చుకు తిన్నవాడి ముఖం దానికి వేసి గుమ్మంలో కూర్చోబెడతాం. పన్నెండు కొట్టగానే నడివీధిలోకి ఈడ్చుకొచ్చి, కడుపులో ఉన్న తిట్లన్నీ తిట్టి నిప్పంటిస్తాం. మర్నాటికి కోపం పోతుంది. ఆ మనిషితోనే ఒక బల్ల దగ్గర కూర్చుని ఉల్లిపాయలేసిన చేపల పులుసు తాగుతాం.

మిగతా బొమ్మలవాళ్ళు ఫోటో చూసి ముఖం వేస్తారు. ఎదురింటి క్లెబెర్ అయితే సినిమా హీరోల బొమ్మలు తప్ప చెయ్యడు. ఆ హీరోల మీద జనానికి ఏం కోపమో, ఎందుకు కొనుక్కుపోయి కాలుస్తారో నాకు ఇప్పటికీ తెలీదు. వాషో మాత్రం ఫోటో ముట్టుకోడు. ఎవరైనా తెచ్చినా బల్ల మీద బోర్లా పెట్టేస్తాడు. మా కొట్లో ఒక ఎర్ర ప్లాస్టిక్ కుర్చీ ఉంది. వచ్చినవాళ్ళు అందులో కూర్చుని చెప్పాలి. కాల్చాల్సిన మనిషి పేరు చెప్పకూడదు, ఆ మనిషి ఏం చేస్తాడో చెప్పాలి.

"ఎవరో నాకొద్దు," అంటాడు వాషో కుంచె తడుపుకుంటూ. "అన్నం ఎలా తింటాడు? అబద్ధమాడేటప్పుడు చేతులెక్కడ పెట్టుకుంటాడు? తనకంటే పెద్దోడొస్తే ఎంతవరకు వంగుతాడు?"

వాళ్ళు చెబుతూ ఉంటే అతను ఒక పెదవి వేస్తాడు, ఆగుతాడు. ఇంకాస్త చెబితే ఒక కనుబొమ్మ. ముక్కు వేసేటప్పుడు నోటి సంగతి పట్టదు, నోరు వేసేటప్పుడు కళ్ళ సంగతి పట్టదు. కూరకి ముక్కలు తరిగినట్టు దేనికది విడిగా వేసుకుంటూ పోతాడు. చివరికి చూస్తే అందులో మనిషి ఉంటాడు. ఫోటోలో దాక్కున్నవాడు కూడా ఇందులో దొరికిపోతాడు. మా పక్కింటి తోమాసా, తనని వదిలేసి పోయిన మొగుడి బొమ్మ చేయించుకుంది ఒకసారి. వాషో ఆ మనిషిని జన్మలో చూడలేదు. బొమ్మని గుమ్మంలో కూర్చోబెట్టగానే వాళ్ళ కుక్క వచ్చి దాని కాళ్ళ దగ్గర తోక ఊపుకుంటూ పడుకుంది. అది ప్యాంటు వాసనకి వచ్చిందంటాడు క్లెబెర్. ఓర్వలేని మనిషి, అలాగే అంటాడు.

ఇంత పనివాడు, బజార్లో ఎదురుపడితే మాత్రం పలకరించడు. కళ్ళు నెత్తికెక్కాయని ఊరంతా అనుకునేది. మా అమ్మ బతికున్న రోజుల్లో ఒకసారి ఎండలో నడిచొచ్చి ఎర్ర కుర్చీలో కూలబడింది. వాషో గ్లాసుడు నీళ్ళిచ్చి, "చెప్పండమ్మా, ఎవర్ని కాల్చాలి?" అన్నాడు.

"నిన్నేరా," అంది మా అమ్మ.

నన్ను మాత్రం ఎంత గుంపులో ఉన్నా పట్టేసేవాడు. నా చెవులకి పెద్ద పసుపు కమ్మలుండేవి. ఏనుగు దంతమంత గట్టిగా ఉండే తాగువా గింజ చెక్కి రంగేసినవి. పెళ్ళికి ముందు అతనే కొనిచ్చాడు. "వీటిని తియ్యకు పెటీటా, ఎప్పుడూ తియ్యకు," అన్నాడు, నా రెండు చేతులూ పట్టుకుని. మొగవాడు అలా బతిమాలితే ప్రేమ అనుకోకుండా ఇంకేమనుకుంటాం? ఇన్నేళ్ళూ తియ్యలేదు. కూతురు పుట్టేటప్పుడు నర్సు తియ్యమంటే ఆవిడ చెయ్యి కొరకబోయాను. అంత వెర్రిదాన్ని.

అక్టోబరులో, కాగితపు గుజ్జు తలలు ఆరబెట్టుకునే రోజుల్లో, వాషో బొమ్మల గురించి విని, రాజధాని క్విటో నుంచి డాక్టర్ ఇటురాల్దే దిగాడు. కొండ మీది ఊరివాళ్ళు ఎలా ఉంటారో అలాగే ఉన్నాడు. మెల్లగా మాట్లాడతాడు, ప్రతి మాటకీ ముందొక క్షమాపణ పెడతాడు, మా ఎండలో ఉన్ని కోటు వేసుకుంటాడు. మెదడు డాక్టర్నని పరిచయం చేసుకున్నాడు. చెమటలు తట్టుకోలేక బయటికెళ్ళి కోటు కారులో పడేసి వచ్చాడు. వాషో లేచి నిలబడి, "రండి, కూర్చోండి, ఎవర్ని కాల్చాలి?" అన్నాడు. డాక్టరు తెల్లబోయి, ఏదో అనుమానమొచ్చి, మూలకొట్లో గడ్డి టోపీ కొనుక్కుని పెట్టుకుని మళ్ళీ వచ్చాడు. "రండి, కూర్చోండి, ఎవర్ని కాల్చాలి?" ఇంకొకరైతే మండిపడి వెళ్ళిపోయేవాళ్ళు. ఈయన కళ్ళు చేపని చూసిన పిల్లి కళ్ళలా మెరిశాయి.

ఆ తర్వాత పరీక్షలే పరీక్షలు. వాషోని ఒక పెద్ద గొట్టంలోకి తోసి మెదడు ఫోటోలు తీశారు. బయటికొచ్చి, "లోపల ఎవరో డప్పులు వాయిస్తున్నారు, తాళం తప్పకుండా బాగానే వాయించారు," అన్నాడు మావాడు. తర్వాత గదిలో కూర్చోబెట్టి ముఖాల ఫోటోలు ఒక్కొక్కటే చూపించారు. నేను అద్దానికి ఇవతల నిలబడి చూస్తున్నాను. దేశాధ్యక్షుణ్ణి చూపిస్తే పళ్ళ డాక్టరన్నాడు, అది ఎవరూ తప్పు పట్టలేదు. తర్వాత నా ఫోటో వచ్చింది. జుట్టూ చెవులూ కనపడకుండా ముఖం వరకే కత్తిరించారు.

వాషో తల పక్కకి వాల్చి చాలాసేపు చూశాడు.

"కరెంటాఫీసులో కిటికీ వెనక కూర్చునే ఆవిడ అయ్యుండాలి," అన్నాడు. "పొద్దున్నే ఎవరితోనో గొడవపెట్టుకుని వచ్చినట్టుంది."

డాక్టరుగారు సంతోషం పట్టలేక పక్కనున్న అమ్మాయితో చేతులు కలిపాడు. నాకు తల కొట్టేసినట్టయింది.

"మీరు బాధపడకూడదు దోన్యా పెటీటా," అన్నాడు ఆయన తర్వాత, నన్ను కూర్చోబెట్టి. "క్షమించండి, వివరంగా చెబుతాను. మెదడు వెనక భాగంలో, కుడి చెవికి కాస్త లోపలగా, ముఖాల్ని పట్టుకునే చోటు ఒకటి ఉంటుంది. కళ్ళూ ముక్కూ నోరూ అన్నీ కలిపి, ఇదిగో ఫలానావాడు అని చెప్పేది అదే. మీ ఆయనకి పుట్టుకతోనే అది సరిగా పనిచెయ్యట్లేదు. ముక్కు కనపడుతుంది, నోరు కనపడుతుంది, మనిషి తేలడు. అందుకే ఆయన బొమ్మలు అంత గొప్పగా ఉంటాయి. మనం ముఖాన్ని ఒక్క చూపులో మింగేస్తాం. ఆయన ముక్కముక్కా నమిలి వేస్తాడు. దీన్ని ముఖాంధత్వం అంటాం."

"మరి నన్నెలా గుర్తుపడతాడు?"

"కమ్మల్ని చూసి," అన్నాడు డాక్టరుగారు, సాయంత్రం వాన పడుతుందని చెప్పినంత తేలిగ్గా.

ఇలాంటి మాట మా వీధికి చేరడానికి ఎంతసేపు పడుతుంది? నేను బస్సు దిగేసరికే క్లెబెర్ గుమ్మంలో కాపు కాశాడు.

"ఏం దోన్యా పెటీటా! వాషో నిన్ను చేసుకున్నాడా, కమ్మల్ని చేసుకున్నాడా? ఒకసారి ఇలా ఇవ్వు, మా ఆవిడకి తగిలిస్తా. ఒక నెల మీ ఇంట్లో భోంచేసి వస్తుంది, నాకూ కాస్త హాయిగా ఉంటుంది."

వీధంతా నవ్వింది. నేనూ నవ్వాను, చెయ్యి అడ్డం పెట్టుకుని. ఇంట్లోకొచ్చి తలుపేసుకున్నాక మాత్రం ఒళ్ళంతా మండిపోయింది. వాషో వంటింట్లో పచ్చి అరటికాయలు ఒలుస్తున్నాడు.

"నేనెవరు?" అన్నాను.

"పెటీటావి."

"కమ్మలు తీసేస్తే?"

అరటికాయ ఒలవడం ఆపలేదు. "నువ్వు మాట్లాడతావుగా," అన్నాడు.

"మాట్లాడకపోతే?"

"నువ్వా?" అన్నాడు.

వేరే రోజైతే పగలబడి నవ్వేదాన్ని. ఆ రోజు ఆ మాట ముల్లులా దిగింది. నా వస్తువులన్నీ తీసేసి, నోరు కూడా కట్టేస్తే, ఈ మనిషికి నేను మిగులుతానా? నాకు కావలసింది అదొక్కటే తెలియడం. అడగడానికి మాత్రం దారి లేదు. అడిగితే గొంతు వినిపిస్తుంది, గొంతు వినపడితే పరీక్ష అయిపోయినట్టే.

డాక్టరుగారికి 'మెదడూ కుంచే' అని ఒక ఫౌండేషన్ ఉంది. దాని తరఫున వాషోకి ఒక సలహా ఇచ్చారు.

"దోన్ వాషింగ్టన్, మీరు చూడని ముఖాలు ఎందుకు వేస్తున్నారు? అది లోకం కోసం చేస్తున్న నటన. మీ మెదడుకి ఏది కనపడుతుందో అదే వెయ్యండి. నిజం వెయ్యండి."

"నిజమంటే?" అన్నాడు వాషో.

"ఖాళీ," అన్నాడు డాక్టరు, కళ్ళు మూసుకుని.

వాషోని ఎవరూ జన్మలో అయ్యగారూ అన్నట్టు దోన్ అని పిలవలేదు. ఆ ఒక్క పిలుపుకే పడిపోయాడు. ముఖం లేని బొమ్మలు చెయ్యడం మొదలుపెట్టాడు. తలకాయకి నున్నగా తెల్లరంగు పూసి ఊరుకోవడమే. నవంబరులో నది అవతల, ధనవంతులుండే పేటలో, ఏసీ హాల్లో వాటిని నిలబెట్టారు. ఒక్కో బొమ్మ పక్కన వాషో మెదడు ఫోటో, దాని కింద బొమ్మకంటే పొడుగైన రాత. గుమ్మంలోనే పెద్ద అక్షరాలతో, 'భార్యనైనా గుర్తుపట్టలేని చిత్రకారుడు' అని రాసి పెట్టారు.

ముత్యాలేసుకున్న ఒకావిడ డాక్టరు చెయ్యి పట్టుకుని, "నాకూ ఇదే ఉంది డాక్టర్! మా ఇంట్లో వంట చేసే మనిషి ముఖం నాకెప్పుడూ గుర్తుండదు. నన్ను పెంచింది ఆవిడే, అయినా గుర్తుండదు," అంది, కొత్త నగ చూపించినంత గర్వంగా. వెనకాలే నగరసభ మెంబరొకడు తగిలాడు. ఎన్నికలైపోయాక తనకి ఒక్క ఓటరు ముఖమూ గుర్తుండదట, తనని కూడా గొట్టంలో పెట్టి చూడమన్నాడు. ఫౌండేషన్‌కి స్థలం ఇప్పిస్తే తప్పకుండా చూద్దామన్నాడు డాక్టరుగారు. ఆ సాయంత్రం ఆ హాల్లో ముఖాలు బాగా గుర్తుండేది వైన్ పోసే కుర్రాడికీ నాకూ మాత్రమే అనిపించింది.

నన్ను కూడా చూపించారు. డాక్టరుగారు మోచెయ్యి పట్టుకుని తిప్పుతూ, "ఇవే ఆ కమ్మలు," అన్నాడు ప్రతి గుంపు దగ్గరా. అందరూ వంగి నా కుడి చెవి చూశారు, తిరిగి ఎడమ చెవి చూశారు. ఒకాయన కళ్ళజోడు మార్చుకుని మరీ చూశాడు. ఇంటికి వచ్చేదాకా ఒక్కళ్ళూ నా కళ్ళలోకి చూడలేదు.

డిసెంబరొచ్చింది. మా వీధివాళ్ళు పాతేళ్ళ కోసం వచ్చారు. తోమాసాకి ఆ ఏడు ఆడపడుచు మీద కోపం. ఎర్ర కుర్చీలో కూర్చుని మధ్యాహ్నమంతా చెప్పింది. చెప్పిందంతా విని వాషో తెల్లటి తలకాయ ఒకటి ఆమె ఒళ్ళో పెట్టాడు.

"ఇదేంటి?"

"నిజం," అన్నాడు వాషో.

"కోడిగుడ్డుని తిట్టుకోవడానికా నేను ఏడాదంతా పళ్ళు బిగబట్టుకుని ఉన్నది?" అంది తోమాసా. "దీన్ని కాలిస్తే మా ఆడపడుచుకి చలి కాచుకున్నట్టుంటుంది తప్ప ఇంకేం కాదు!"

ఆమె లేచి ఎదురింటికి పోయి క్లెబెర్ దగ్గర ఒక హీరోని తెచ్చుకుంది. మిగతావాళ్ళూ అదే దారి పట్టారు. కొట్టు బోసిపోయింది. వాషో ఆరిన తలలన్నీ ముందు పెట్టుకుని, ఎండిన కుంచె వేళ్ళ మధ్య తిప్పుకుంటూ కూర్చునేవాడు.

"ఇన్నేళ్ళూ జనాన్ని మోసం చేశాను పెటీటా," అన్నాడు ఒకనాడు. "నాకు కనపడనివి కనపడినట్టు వేశాను."

నాకు కోపం మీద కోపం వచ్చింది. మొగుడికి నేను కనపడనందుకు ఒక కోపం, అతని చెయ్యి ఇలా పడిపోయినందుకు ఇంకో కోపం. ఏది పెద్దదో తేల్చుకోలేక రెండు రోజులు గిన్నెల మీద చూపించాను. మూడో రోజు అప్రన్ విప్పేసి, ముందు గదిలోకొచ్చి ఎర్ర కుర్చీలో కూర్చున్నాను.

"ఏంటి?" అన్నాడు.

"గిరాకీ వచ్చింది. కుర్చీలో కూర్చున్నవాళ్ళు చెబితే వెయ్యాలి కదా, అది నీ రూలే. ఒక ఆడమనిషిని కాల్చాలి."

వాషో నా కమ్మల వైపు చూశాడు, గుజ్జు తల వైపు చూశాడు. అలవాటున్న చెయ్యి ఊరుకోదు, కుంచె వెళ్ళి నీళ్ళలో పడింది.

"చెప్పు," అన్నాడు.

"నోరెక్కువ. భయమేసినా అరుస్తుంది, సంతోషమొచ్చినా అరుస్తుంది. ఏది ఏదో ఎవరికీ తెలీదు."

ముందు నోరు వేశాడు.

"నవ్వేటప్పుడు చెయ్యి అడ్డం పెట్టుకుంటుంది. పన్నొకటి విరిగింది. పులుసు మాడితే అలాగే చెయ్యాలని వాదిస్తుంది. వాళ్ళమ్మ పోయిన రోజు ఏడవలేదు, వచ్చినవాళ్ళందరికీ కాఫీ పోసింది. నెలపోయాక ఒకరోజు అన్నం ముద్దయిపోతే, ఆ గిన్నె ఒళ్ళో పెట్టుకుని సాయంత్రం దాకా ఏడ్చింది."

కళ్ళ దగ్గర చాలాసేపు ఆగాడు. సన్న కుంచె తీసుకున్నాడు.

"ఎందుకు కాల్చాలి ఆవిడ్ని?"

"ఒకడు తనని చూస్తున్నాడని ఇన్నేళ్ళూ నమ్మింది. వాడు తన చెవుల్ని చూస్తున్నాడని డాక్టరొచ్చి చెబితే, అదీ నమ్మింది. రెండింట్లో ఏదో ఒకటి తప్పు కదా. కాల్చెయ్యాలి."

నేను ఇంకా చాలా చెప్పాను. బస్టాండులో పోట్లాడిన సంగతి, కూతురు పెళ్ళయి వెళ్ళిపోయాక దాని మంచం మీద పడుకున్న సంగతి. ఎవరికీ చెప్పనివన్నీ కుర్చీలో కూర్చుంటే వచ్చేశాయి. వీధిలో మనుషులు ఇంత ఇష్టంగా అక్కడెందుకు కూర్చునేవాళ్ళో అప్పుడు తెలిసింది. చెప్పడం అయ్యాక లేచి తలకాయ చూశాను.

అద్దం కూడా నాకు అంత నిజం ఎప్పుడూ చెప్పలేదు. తిట్టబోతున్నట్టూ ఉంది, ఎవరైనా దగ్గరికి తీసుకుంటే ఏడ్చేసేట్టూ ఉంది. ఎడమ బుగ్గ మాత్రం లోపలికి కాస్త పీక్కుపోయి ఉంది. అదెందుకలా వేశాడో తెలీలేదు. ఆ సంగతేదీ నేను చెప్పినట్టు లేదు. ఇన్ని మాటల్లో ఏదో చెప్పే ఉంటానులే అనుకున్నాను.

"ఎవరిది ఈ ముఖం?" అన్నాను.

"మన కొట్లో పేర్లడక్కూడదు," అని వాషో కుంచెలు కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్ళిపోయాడు.

ఆఖరి రోజు రానే వచ్చింది. పొద్దున్నుంచే వీధంతా గోల. మొగవాళ్ళు చావబోయే పాతేడి పెళ్ళాలమంటూ నల్ల గౌన్లు, విగ్గులు తగిలించుకుని, దొంగ ఏడుపులు ఏడుస్తూ కార్లకి తాళ్ళు అడ్డం పట్టి చిల్లర వసూలు చేసుకుంటున్నారు. క్లెబెర్ అందరికంటే పెద్ద ఛాతీ పెట్టుకున్నాడు. నేను నా పాత గౌనుకి రంపపు పొట్టు కూరి, తలకాయ పెట్టి, బొమ్మని గుమ్మంలో కూర్చోబెట్టాను. చూసి తోమాసా, "అమ్మో పెటీటా! రెండో నువ్వు!" అని నోరు నొక్కుకుంది. అప్పుడు నా చెవుల నుంచి కమ్మలు తీసి బొమ్మకి పెట్టేశాను. వాటి వల్ల పేరు తెచ్చుకున్న మనిషి అదేగా, అదే ఉంచుకోనీ అనుకున్నాను. చెవులు తేలికైపోయి, నడుస్తుంటే ఏదో మర్చిపోయినట్టుంది. ఎండ వేడికి అందరిలాగే జుట్టు తడి గుడ్డతో ముడేసి, ఆడవాళ్ళ గుంపులో నిలబడ్డాను. వాషో మందుగుండు కొనడానికి వెళ్ళాడు.

ఇంకా పొద్దు ఉండగానే డాక్టరుగారి కారు వచ్చింది. ఎవరో చెప్పినట్టున్నారు, దిగుతూనే బొమ్మ ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

"దోన్యా పెటీటా! అచ్చం ఆవిడే! చూడగానే పట్టేశాను!" అన్నాడు. "ముఖాలు తెలియని మనిషి పెళ్ళాం ముఖం వేశాడు, అది పెళ్ళాం ముఖమని అతనికే తెలీదు! ప్రపంచంలో ఇలాంటిది ఎక్కడా లేదు. దీన్ని కాల్చకూడదు. క్విటో తీసుకెళ్ళి మ్యూజియంలో అద్దాల పెట్టెలో పెడతాం. 'తన భార్య అని తెలియకుండా వేసినది' అని కింద రాస్తాం. వందేళ్ళు ఉంటుంది."

వందేళ్ళు! పెళ్ళాన్ని ఎరగని మొగుడికి సాక్ష్యంగా, అద్దాల పెట్టెలో, ఆ కమ్మలతో వందేళ్ళు కూర్చోవాలి నేను. స్కూలు పిల్లలు వచ్చి చూసి పోతుంటారు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

డాక్టరుగారు లేచి మోకాళ్ళు దులుపుకుని, చుట్టూ చూసి, మూరెడు దూరంలో ఉన్న నా దగ్గరికి వచ్చాడు.

"క్షమించండమ్మా," అన్నాడు సూటిగా నా ముఖంలోకి చూస్తూ. "దోన్యా పెటీటా ఎక్కడున్నారో కాస్త చెబుతారా? ఆవిడ ఒప్పుకోవాలి."

దొంగ విధవలు కూడా ఏడుపు ఆపేశారు. తోమాసా అప్రన్ అంచు నోట్లో కుక్కుకుంది.

"ఏ పెటీటా అండీ?" అని క్లెబెర్ గౌను సర్దుకుంటూ అడిగాడు.

"అదే, ఆ పసుపు కమ్మలావిడ."

నోటి చివరిదాకా వచ్చిన మాట మింగేశాను. ఎందుకంటే అప్పుడే వీధి మొగలో వాషో కనపడ్డాడు, చేతిలో మందుగుండు సంచితో. నా చెవులకి ఏమీ లేవు. నా నోరు కట్టేసుకున్నాను. రెండు నెలల నుంచి నేను అడగలేకపోయిన ప్రశ్న దానంతటదే వచ్చి నడివీధిలో నిలబడింది. వాషో గుంపులోకి వచ్చాడు. తడి గుడ్డలు కట్టుకున్న ఆడవాళ్ళని, విగ్గులు పెట్టుకున్న మొగవాళ్ళని ఒక్కొక్కర్నే చూస్తూ వస్తున్నాడు. అతని చూపు నా మీదికి వచ్చింది. నన్ను దాటి తోమాసా మీదికి పోయింది. నా ప్రాణం అక్కడే జారిపోయింది. నిజంగా చెబుతున్నాను, ఆ క్షణంలో ఆ బొమ్మ పక్కన నేనూ కూర్చుని కాలిపోవాలనిపించింది.

వాషో రెండడుగులు వేసి ఆగాడు. వెనక్కి వచ్చాడు. సంచి కింద పెట్టి, జేబులోంచి అగ్గిపెట్టె తీసి నా చేతిలో పెట్టాడు.

"బుగ్గ వదులు," అన్నాడు నాకు మాత్రమే వినపడేట్టు. "రక్తమొస్తుంది."

అప్పుడు తెలిసింది నాకు. ఎడమ బుగ్గ లోపలి కండ పళ్ళ మధ్య పెట్టుకుని కొరుకుతూ నిలబడ్డాను.

"బస్సు రాకపోయినా అంతే, నాకు జ్వరమొచ్చినా అంతే," అన్నాడు. "మీ అమ్మ పోయిన రోజు కాఫీ పోసినంతసేపూ అంతే."

నేను ఈ సంగతి కుర్చీలో చెప్పలేదు. చెప్పడానికి నాకే తెలీదు. నా కళ్ళ వెంట నీళ్ళు జలజలా కారాయి, వీధంతా చూస్తోందని కూడా లేకుండా. వెంటనే తుడుచుకుని, వెళ్ళి పాతేడి గౌను అంచుకి అగ్గిపుల్ల అంటించాను. రంపపు పొట్టు గుప్పున పట్టుకుంది.

"ఏయ్, ఇంకా పొద్దయినా వాలలేదు!" అని క్లెబెర్ అరిచాడు. "పన్నెండు కాకుండా ఎవరైనా కాలుస్తారా? ఇంకా ఏడాది మిగిలుంది!"

"మిగిలింది నువ్వుంచుకో!" అన్నాను.

డాక్టరుగారు, పాపం, ఉన్ని కోటు విప్పి మంట మీద కొట్టబోయాడు. వాషో ఆయన నడుం పట్టుకుని వెనక్కి లాగి, ఆప్యాయంగా, "రండి, కూర్చోండి, ఎవర్ని కాల్చాలి?" అన్నాడు. ముఖం రంగు ముందు కరిగింది. తర్వాత కమ్మలు చిటపటమని పగిలి బూడిదలో పడ్డాయి. తోమాసా అప్పుడే, మరుసటేటికి ఆడపడుచు ముఖం వేస్తానని వాషో చేత ఒట్టు వేయించుకుంటోంది.

"దోన్యా పెటీటాకి నేనేం సమాధానం చెప్పాలి?" అన్నాడు డాక్టరుగారు, పొగకి కళ్ళు నులుముకుంటూ, నా పక్కనే నిలబడి. "ఆవిడ లేకుండా ఆవిడ ముఖాన్ని కాల్చేశారే!"

"ఆవిడేమీ అనుకోదులెండి," అన్నాను.

డాక్టరుగారు నా ముఖంలోకి పరీక్షగా చూశాడు.

"మీకెలా తెలుసు?" అన్నాడు.